పల్లపుపేటలో మెమరీ పొదుపు

నూకరత్నం ఇంట్లో పొద్దున్నే పొయ్యి కంటే ముందు కంప్యూటరు వెలిగేది. దాని మీట నొక్కి, బియ్యం కడిగి, ఎసరు పెట్టి, అన్నం వార్చి, భర్త సత్తిరాజుకు క్యారేజీ సర్ది వచ్చేసరికి తెర మీద మండలి వారి చిహ్నం కనిపించేది. ఆ చిహ్నం కింద ఒక చిన్న వలయం తిరుగుతూ ఉండేది. కొత్తలో ఆవిడ ఆ వలయం కేసి చూస్తూ కూర్చునేది. తరవాత తెలివి తెచ్చుకుని, ఆ వేళకి కూరలు తరుక్కోవడం మొదలుపెట్టింది. మండలి వారు ఇంటికి ఆఫీసు తెచ్చిపెట్టినందుకు ఆవిడకు దక్కిన లాభం ఇదొక్కటే.

మండలి అంటే పల్లపు మురుగు నియంత్రణ మండలి. నూకరత్నం అందులో సీనియర్ అసిస్టెంటు. కాకినాడ శివారులో ఉప్పుటేటి పక్కనున్న పల్లపుపేట ఆవిడ ఇలాకా. ఇల్లూ అక్కడే. పేరుకు తగ్గట్టు ఆ పేట పల్లంలో ఉంటుంది. ఇళ్లలో వాడిన నీళ్లూ, వాన నీళ్లూ ఒక పెద్ద కాలవలో పడి, చివర తూము గుండా ఏట్లో కలుస్తాయి. తూముకు ఇనప షట్టరు ఉంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు దాన్ని దించకపోతే ఏటి నీళ్లు పేటలోకి వస్తాయి. పోటు తగ్గాక ఎత్తకపోతే పేటలోని నీళ్లు ఎటూ పోవు. ఈ ఎత్తడం, దించడం లస్కరు దోనయ్య పని. షట్టరు మీద ఒక ఇనప చక్రం ఉండేది. ఎప్పుడో వరదలో కొట్టుకొచ్చిన దుంగ తగిలి దాని ఆకు ఒకటి వంకరపోయింది. దోనయ్య ఆ వంకర ఆకు పట్టుకుని తిప్పేవాడు, షట్టరు లేచేది. ఇందులో ఆధునికత బొత్తిగా లేదని మండలి వారు ఆలస్యంగానైనా గుర్తించారు.

గుర్తించి 'ఇంటింటా కార్యాలయం' అనే పథకం పెట్టారు. ఉద్యోగులంతా ఎవరింట్లో వాళ్లు కూర్చుని పనిచెయ్యాలి. ఇంటికో కంప్యూటరు ఇచ్చారు. షట్టరుకు మోటారు బిగించారు. కంప్యూటరులో 'జలద్వార' అనే ప్రోగ్రాం పెట్టారు. నూకరత్నం తన వంటింటి గుమ్మం పక్కన కూర్చుని జలద్వారలో ఒక మీట నొక్కితే, అక్కడ మోటారు తిరిగి షట్టరు లేవాలి. ఇనప చక్రాన్ని 'కాలం చెల్లిన పరికరం' అని రాసి, లారీ ఎక్కించి, డైరెక్టరు గారి ఆఫీసుకు పట్టుకుపోయారు. దోనయ్య ఉద్యోగం మటుకు ఉంచారు. మోటారు తిరిగితే తిరిగిందనీ, తిరక్కపోతే తిరగలేదనీ ఫోన్ చేసి చెప్పడం ఇప్పుడు అతని పని.

పథకం బాగానే ఉంది. కంప్యూటరే కదలదు.

"ఎద్దుకి ముల్లుగర్రుంది, దీనికేటుందే?" అనేవాడు సత్తిరాజు. అతనికి మెయిన్ రోడ్డులో కళ్లజోళ్ల దుకాణం ఉంది. దుకాణంలో బిల్లులు కొట్టే కంప్యూటరు ఉంది కనుక ఆ శాస్త్రంలో తనకు ప్రవేశం ఉందని అతని నమ్మకం.

నూకరత్నానికి నవ్వులాటగా లేదు. పైనెల నుంచి వానలు. నిరుడు ఒకసారి వలయం తిరగడం ఆగేలోపు నీళ్లు వీధి దాటి గడప ఎక్కాయి. ఈసారి పక్కింట్లో మంగాయమ్మ కూతురు పురిటికి వచ్చింది. మంగాయమ్మ ఇల్లు వీధి కంటే ఒక మెట్టు కిందకే ఉంటుంది. "ఏవమ్మా రత్నం, ఈయేడు నువ్వు గేటు ఎత్తుతావా, నన్ను మంచం ఎత్తుకోమంటావా?" అని ఆవిడ గోడ మీంచి అడిగినప్పుడల్లా నూకరత్నం మబ్బుల కేసి చూసేది. ఎత్తవలసింది తనే. ఎత్తలేకపోతే పుట్టబోయే పసిగుడ్డు నీళ్ల మధ్య ఉంటుంది. ఇంత సూటి సంగతి మండలి పథకంలో మరొకటి లేదు.

ఇలా ఉండగా మండలి డైరెక్టరు త్రివిక్రమరావు గారు ఏదో కొండ మీది ఊళ్లో శిక్షణకు వెళ్లారు. వెళ్లినప్పుడు ఉత్తచేతులతో వెళ్లారు, వచ్చినప్పుడు ఒక మాటతో వచ్చారు. ఆ మాట 'మెమరీ'. కంప్యూటరు నెమ్మదిగా నడవడానికి కారణం మెమరీ ఎక్కువగా వాడడమేనని అక్కడ ఎవరో ఆయనకు చెప్పారు. చెప్పినవాడు నిజమే చెప్పాడు. ఆ నిజం డైరెక్టరు గారి చేతికి రావడమే పల్లపుపేట దురదృష్టం.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, కంప్యూటరులందలి మెమరీ మండలి వారి ఆస్తి. దానిని సిబ్బంది విచ్చలవిడిగా వాడుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇకమీదట మెమరీ వినియోగము డెబ్బది శాతము మించరాదు. మించినచో సంబంధిత ఉద్యోగి నుండి సంజాయిషీ కోరబడును."

నూకరత్నం కంప్యూటరులో అది తొంభై దాటి ఉంది. సాయంత్రానికల్లా సంజాయిషీ కోరబడింది.

ఆదివారం నాడు సత్తిరాజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏ ప్రోగ్రాం ఎంత మెమరీ తింటోందో చూపించే జాబితా ఒకటి కంప్యూటరులోనే ఉంటుందని అతనికి తెలుసు. అది తెరుచుకునేసరికి ఇద్దరూ టీ తాగేశారు.

"ఇదిగో సూడు," అన్నాడు సత్తిరాజు. "పైనున్నది ఎవరు? 'వాణి'. ఇదేటి?"

"డైరెక్టరు గారి శుభోదయ సందేశమండి. పొద్దున్నే వీడియో వస్తుంది."

"వచ్చి పోవచ్చు కదా? సాయంత్రం దాకా లోపలే కూసుందేటి?"

"మళ్లీ రేపొద్దున రావాలి కదండీ మరి."

"దీని కిందది 'ముఖదర్శిని'?"

"అది హాజరు. నేను కుర్చీలో ఉన్నానో లేదో కెమెరాలోంచి చూస్తా ఉంటుంది."

"ఎంతసేపు?"

"రోజంతాను."

సత్తిరాజు జాబితా కిందకు జరిపాడు. మండలి చరిత్ర చెప్పే ప్రోగ్రాం, మండలి గీతం వినిపించే ప్రోగ్రాం, ఉద్యోగులకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పే ప్రోగ్రాం, ఇలా అన్నీ మీట నొక్కగానే తమంతట తామే లేచి కూర్చుంటున్నాయి. అన్నిటికన్నా అడుగున, ఊపిరాడక, జలద్వార ఉంది. అది తింటున్నది పిడికెడు మెమరీ. ఆ పిడికెడు కూడా దొరక్క అది ముక్కుతోంది.

"జబ్బు తెలిసిపోయిందే," అన్నాడు సత్తిరాజు. "ఈటిని పొద్దున్నే లెగకుండా ఆపేసి, ఒకసారి కంప్యూటరు కట్టేసి మళ్లీ ఎయ్యి. నా దుకాణంలో అలాగే చేత్తాను."

మొత్తం వైద్యం అంతే. ఏ ఊళ్లో ఏ మనిషైనా అంతే చెబుతాడు.

నూకరత్నానికి ఉండబట్టలేదు. సోమవారం చిన్న జల్లు పడింది. దోనయ్య ఫోన్ చేశాడు, పోటు తగ్గింది, ఎత్తమని. ఆవిడ ముందు వాణిని ఆపింది. తరవాత ముఖదర్శినిని ఆపింది. జలద్వార రెప్పపాటులో తెరుచుకుంది. మీట నొక్కింది. "తిరిగిందమ్మా, తిరిగింది!" అని దోనయ్య అరిచాడు. నీళ్లు పోయాయి. ఆవిడకు ఎంత సంతోషం కలిగిందంటే, మంగాయమ్మను గోడ దగ్గరకు పిలిచి, "మంచం ఎత్తక్కర్లేదు పిన్నీ" అని చెప్పింది.

మంగళవారం నోటీసు వచ్చింది.

"నిన్నటి దినము మీ ముఖము ముఖదర్శినిలో కనిపించనందున మీరు కార్యాలయమున లేనట్లు నిర్ధారణ అయినది. అదే సమయమున షట్టరు ఎత్తబడినది. లేని ఉద్యోగి షట్టరు ఎత్తజాలరు. కావున ఎత్తిన అపరిచిత వ్యక్తి ఎవరో తెలుపవలెను."

ఆవిడ తనే ఎత్తానని రాసింది. లేని మనిషి రాసిన జవాబు కనుక దాన్ని స్వీకరించలేమని తిప్పి పంపారు. చివరికి ఒకపూట సెలవు పోగొట్టుకుని, ఆ అపరిచిత వ్యక్తి జాడ తెలియలేదని రాసిచ్చి బయటపడింది.

అయినా ఆవిడ ఊరుకోలేదు. మెమరీ అంతా తింటున్నవి మండలి వారు పెట్టిన ప్రోగ్రాములేనని, వాటిలో సగం తీసేస్తే సరిపోతుందని, మర్యాదగా ఒక ఉత్తరం రాసింది. సత్తిరాజు సలహా మీద, తీయడం కుదరకపోతే కంప్యూటరులో ఇంకొక మెమరీ ముక్క బిగించుకోవడానికైనా అనుమతి ఇవ్వమని కూడా రాసింది. దానికి డైరెక్టరు గారు స్వయంగా ఫోన్ చేశారు.

"ఏమ్మా నూకరత్నం గారూ, మీ లేఖ పరిశీలించడం జరిగింది. అందులో ఒక మౌలికమైన పొరపాటు ఉంది. మండలి ప్రోగ్రాములు మెమరీని వినియోగిస్తున్నాయని రాశారు. అవి వినియోగించవమ్మా. పర్యవేక్షిస్తాయి. మెమరీ పర్యవేక్షణ వేరు, మెమరీ వినియోగం వేరు."

"సార్, ఏ పేరుతో తిన్నా ఖాళీ అయ్యేది అదేగదండి."

"చూశారా, అక్కడే అవగాహన లోపించింది. గోడౌనుకు కాపలా పెట్టిన వాచ్‌మాన్‌ని సరుకు కింద లెక్కేస్తామా?"

"వాచ్‌మాన్లే గోడౌను నిండా ఉంటే సరుకు పెట్టేదెక్కడండి సార్?"

డైరెక్టరు గారు ఈ ప్రశ్నను వినలేదు. ఆయన వినే పద్ధతి అది. "ఇక రెండో విషయం. మెమరీ పెంచమన్నారు. మెమరీ పెంచితే ఏమవుతుంది? వాడకం పెరుగుతుంది. దాంతో క్రమశిక్షణ తగ్గుతుంది. అందుకని అందరి కంప్యూటర్ల పెట్టెలకూ లక్క సీలు వేయిస్తున్నాం. మీరు నిరాశ చెందనక్కర్లేదు. మీ సమస్య పరిష్కారానికి కొత్తగా 'మెమరీ మిత్ర' అనే ప్రోగ్రాం పంపుతున్నాను. మీ మెమరీ ఎక్కడికి పోతోందో అది అనుక్షణం కనిపెడుతుంది."

మెమరీ మిత్ర వచ్చింది. మెమరీ ఎక్కడికి పోతోందో కనిపెట్టడానికి దానికి చాలా మెమరీ కావలసి వచ్చింది. పాపం అది నిజాయితీ గల ప్రోగ్రాం. వచ్చిన పూటే జాబితాలో పైకెక్కి కూర్చుని, మెమరీ అంతా తనవల్లే పోతోందని ఎర్ర అక్షరాల్లో నివేదిక పంపింది. మెమరీ మిత్ర మాటల్లో నిజమెంతో తేల్చడానికి మండలి వారు 'మిత్ర సాక్షి' అనే ఇంకొక ప్రోగ్రాం పంపారు. ఆ రోజు నుంచి నూకరత్నం కంప్యూటరు వేసి అన్నం, పప్పు, కూర, పులుసు అన్నీ చేసి, వీధి వాకిలి కడిగి, ముగ్గు పెట్టి రాసాగింది. సత్తిరాజు మటుకు ఇన్నేళ్ల కాపురంలో ఇంత వేళకు, ఇంత కమ్మగా ఎన్నడూ తినలేదని పొంగిపోయాడు.

మెమరీ ఇంకా దిగకపోయేసరికి మండలి వారు మనిషినే పంపారు. ఆయన మెమరీ తనిఖీ అధికారి పినాకపాణి గారు. ఈ ఉద్యోగం ఆయన కోసమే కొత్తగా సృష్టించారు. ఆయన జీపు దిగి, చెప్పులు విప్పి, కంప్యూటరుకు నమస్కారం పెట్టి కూర్చున్నారు. వలయం తిరుగుతూ ఉంది. నూకరత్నం ఇడ్లీ పెట్టింది. తిన్నారు. కాఫీ ఇచ్చింది. తాగారు. వలయం ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఆలస్యం వాస్తవమేనని ప్రాథమికంగా తేలింది," అన్నారాయన మూతి తుడుచుకుంటూ.

జాబితా తెరుచుకున్నాక ఆయన దాన్ని వేలితో తడుముతూ చదివారు. "వాణి, ఇది సమాచార ప్రసారం. ముఖదర్శిని, ఇది హాజరు. మిత్ర, సాక్షి, ఇవి తనిఖీ. గీతం, చరిత్ర, ఇవి సంస్కృతి. ఇవేవీ వినియోగం కింద రావు. ఇవన్నీ తీసేస్తే ఇక్కడ మిగిలేది ఏమిటండీ?"

"జలద్వార ఒక్కటేనండి. షట్టరు ఎత్తేది."

"దీంతో మీరు పనిచేస్తారా?"

"దాంతోనే కదండీ చేసేది."

"పని చేస్తారు కనుక అది వినియోగం." పినాకపాణి గారి ముఖం వికసించింది. "ఈ కంప్యూటరు మొత్తం మీద మెమరీని వినియోగిస్తున్నది ఇదొక్కటే! ఇన్నాళ్లూ దొంగ కళ్లెదుటే ఉండి దొరకలేదన్నమాట."

నూకరత్నానికి అర్థమయ్యేసరికి ఆయన వేలు మీట మీద ఉంది. "అయ్యో, అయ్యా, అది తియ్యకండి! అది తీసేస్తే షట్టరెలా ఎత్తాలండి?" అని ఆవిడ నిజంగానే చెయ్యి అడ్డం పెట్టబోయింది.

"తల్లీ, ఆవేశపడకండి. మనకు అప్పగించిన సమస్య ఏమిటి? మెమరీ. షట్టరు అనేది వేరే విభాగం. అవసరమైతే జలద్వార పునఃస్థాపనకు దరఖాస్తు చేసుకోండి. దరఖాస్తు జలద్వారలోనే ఉంటుంది."

"ఇప్పుడు అదే కదండీ తీసేశారు."

"అందుకే తొందరపడి దరఖాస్తులు పెట్టొద్దంటాను," అని ఆయన లేచారు.

మెమరీ మిత్ర తెర మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. అధికారిక మెమరీ వినియోగం సున్నా. నిజానికి కంప్యూటరు ముందు కన్నా తేలికేమీ పడలేదు. వలయం అలాగే తిరుగుతోంది. అయితే ఇప్పుడు దాని కోసం ఎదురుచూసే పని ఏదీ అందులో లేదు కనుక, ఎవరికీ ఆలస్యం జరగడం లేదు. మొత్తం జిల్లాలో సున్నా సాధించిన ఇల్లు ఇదొక్కటేనని మండలి పత్రికలో నూకరత్నం ఫోటో వేశారు. ముఖదర్శిని తీసిన ఫోటో. అందులో ఆవిడ ఆవులిస్తూ ఉంది.

ఆవిడ ఊరుకుందా అంటే లేదు. ఆఫీసుకు నాలుగు సార్లు తిరిగింది. ఆఫీసులో ఎవరూ లేరు, అందరూ ఇళ్లలో ఉన్నారు. ఇళ్లకు ఫోన్లు చేస్తే అందరూ కంప్యూటరు తెరుచుకునేదాకా ఆగమన్నారు. అలా ఆగుతూ ఉండగానే ముసురు పట్టింది.

రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. తూము షట్టరు దించి ఉంది. కాలవ నిండి, పొంగి, వీధి ఎక్కింది. మూడోనాడు మధ్యాహ్నానికి మంగాయమ్మ ఇంట్లోకి పిక్కలదాకా నీళ్లు వచ్చాయి. మంచం కాళ్ల కింద ఇటికలు పెట్టి, దాని మీద తల్లినీ బిడ్డనూ కూర్చోబెట్టారు. ఆ బిడ్డ ఏడుపు గోడ అవతల నుంచి వినిపిస్తుంటే నూకరత్నం చేతులు నలుపుకుంటూ ఇల్లంతా తిరిగింది. ఇంత చేతకానితనం ఆవిడ తన జన్మలో ఎరగదు. కంప్యూటరును కాలవలో పారేద్దామనిపించింది. అది మండలి ఆస్తి, పైగా కాలవలో చెత్త వెయ్యకూడదు.

సరిగ్గా అప్పుడే వీధిలో జీపు హారన్ మోగింది. డైరెక్టరు త్రివిక్రమరావు గారు పంచె పైకి కట్టి, పినాకపాణి గారి భుజం పట్టుకుని నీళ్లలో దిగారు. వెనక ఇద్దరు మనుషులు ఎర్ర గుడ్డ కప్పిన బరువైనదేదో మోసుకొస్తున్నారు. ఇంకొకడి చేతిలో పూలదండ, తడిసిన బ్యానరు. బ్యానరు మీద 'మెమరీ పొదుపు ప్రథమ పురస్కార ప్రదానోత్సవం' అని ఉంది. తేదీ ముందే ఖరారు కాబట్టి వానకోసం మార్చడం కుదరలేదట.

డైరెక్టరు గారిని నూకరత్నం వాకిట్లో, లోపలి కంప్యూటరుకు కనిపించేలా, పీట మీద నిలబెట్టారు. పీట నీళ్లలో ఉంది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఈ శుభసమయాన..."

నూకరత్నం ఫోన్ మోగింది. దోనయ్య.

"అమ్మా, పోటు తీసేసిందండి. ఏరు దిగిపోతా ఉంది. ఇప్పుడెత్తితే పొద్దుగూకే లోపల పేటంతా ఊడ్చేత్తాదండి. మళ్లీ పోటొచ్చేత్తే రేపటిదాకా ఇంతేనండి. నొక్కండమ్మా, బేగి నొక్కండి!"

నూకరత్నం ఫోన్ పట్టుకునే పీట దగ్గరకు వెళ్లింది. "సార్, మీ కాళ్లకి దండం పెడతాను. జలద్వార మళ్లీ పెట్టించండి. ఇప్పుడే పెట్టించండి. పక్కింట్లో పదిరోజుల పసిబిడ్డ ఉంది సార్."

డైరెక్టరు గారు నొచ్చుకున్నారు. ఆయన చెడ్డవారు కారు, సమయం తెలిసినవారు. "తప్పకుండా పెట్టిద్దాం. ఇవ్వాళే ఆదేశాలు ఇచ్చేవాణ్ణి. కానీ మీరే ఆలోచించండి. ఇప్పుడు జలద్వార పెడితే మీ వినియోగం సున్నా కాదు. సున్నా కాకపోతే ఈ పురస్కారం ఎవరికిచ్చినట్టు? ముందు ఇది స్వీకరించండి. కార్యక్రమం అయ్యాక దరఖాస్తు చేసుకోండి. వారంలో పరిశీలించడం జరుగుతుంది."

"వారమా సార్!"

"చప్పట్లు," అన్నారు పినాకపాణి గారు. మోసుకొచ్చిన ఇద్దరూ చప్పట్లు కొట్టబోయి, చేతులు ఖాళీ లేక ఊరుకున్నారు.

ఎర్ర గుడ్డ తీశారు. కింద చెక్క బల్ల, దాని మీద బంగారు రంగు పూసిన పెద్ద ఇనప చక్రం. 'కాలం చెల్లిన యుగానికి గుర్తుగా' అని బల్ల మీద చెక్కించారు. డైరెక్టరు గారి ఆఫీసు వరండాలో మూలపడి ఉన్న ఇనుమును ఇంత అందంగా తీర్చాలన్న ఆలోచన ఆయనదే. దానికి ఒక ఆకు వంకరగా ఉంది. రంగు వేసినవాడు ఆ వంకరను కూడా వదలకుండా శ్రద్ధగా పూశాడు.

నూకరత్నం ఆ వంకర ఆకు వైపు చూసింది. కళ్లు తుడుచుకుంది. ఆవిడ రెండు చేతులూ జోడించింది.

"చాలా సంతోషమండి. దీన్ని ఎక్కడ పెట్టుకోమంటారు సార్?"

డైరెక్టరు గారి ముఖం చేటంత అయింది. ఇంత వినయం ఆయన ఊహించలేదు. "పదిమందికీ కనిపించే చోట పెట్టాలమ్మా. చూసిన ప్రతివాడికీ స్ఫూర్తి కలగాలి."

"అలాగేనండి," అంది నూకరత్నం. "ఏవండీ, స్కూటరు తియ్యండి!"

సత్తిరాజు అడ్డు ప్రశ్నలు వెయ్యలేదు. ఆ మాటకి అతన్ని మెచ్చుకోవాలి. బల్లకు బిగించిన బోల్టులు నాలుగూ విప్పి, చెక్క బల్లను డైరెక్టరు గారి కాళ్ల కింద పీటకు తోడుగా వేసి, చక్రాన్ని నూకరత్నం ఒళ్లో పెట్టాడు. స్కూటరు నీళ్లను చీల్చుకుంటూ పోయింది. డైరెక్టరు గారు ఉపన్యాసం మధ్యలో ఉన్నారు. పురస్కార గ్రహీత లేకపోయినా ముఖదర్శిని కెమెరా ఎదురుగా ఉంది కనుక కొనసాగించారు.

తూము దగ్గర దోనయ్య గొంగళి కప్పుకుని మోటారు పక్కన కూర్చుని ఉన్నాడు. స్కూటరు మీద బంగారు చక్రం వస్తుంటే మొదట అతనికి అంతుపట్టలేదు. దగ్గరకొచ్చాక వంకర ఆకు పట్టి చూసి, "ఓరినాయనో, ఇది మనదే!" అన్నాడు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నూకరత్నానికీ తిరిగాయి.

మోటారు గొలుసు తప్పించి చక్రం తగిలించారు. తుప్పు పట్టిన మర మొదట మొరాయించింది. ముగ్గురూ కలిసి వేలాడారు. కిర్రుమంది. ఒక బెత్తెడు లేచింది, ఇంకొక బెత్తెడు లేచింది. షట్టరు కింద నుంచి పల్లపుపేట నీళ్లన్నీ, అట్టపెట్టెలూ, చెప్పులూ, మండలి వారి 'కాలువలో చెత్త వేయరాదు' బోర్డుతో సహా, హోరుమంటూ ఏట్లోకి దూకాయి. చూసుకుంటే ముగ్గురి అరచేతులూ బంగారు రంగులో ఉన్నాయి.

దీపాలు పెట్టే వేళకి మంగాయమ్మ ఇంట్లో నేల కనిపించింది. మంచం కింద ఇటికలు తీశారు. నూకరత్నం వెళ్లి బిడ్డను ఎత్తుకుంటే, ఆ పిల్ల ఆవిడ బంగారు చెయ్యి నోట్లో పెట్టుకోబోయింది. "వద్దమ్మా, అది పురస్కారం, పడదు నీకు," అని ఆవిడ చెయ్యి లాక్కుంది. చాలా రోజుల తరవాత కడుపారా నవ్వింది.

కథ ఇక్కడితో అయిపోతే అది మండలి కథ కాదు.

షట్టరు ఎత్తిన సంకేతం జలద్వారలోంచి వెళ్లలేదు కనుక, మండలి రికార్డులో పల్లపుపేట షట్టరు మూసే ఉంది. మూసి ఉంది కనుక పేట మునిగే ఉంది. మర్నాడు ఎండ కాస్తుండగా లారీ మీద ఒక పడవ వచ్చింది. ఆరిన రోడ్డు మీద పడవ దించి, ముంపు బాధితులు ఎక్కవలసిందిగా మైకులో కోరారు. పులిహోర పొట్లాలు పడవలో ఉన్నవాళ్లకే ఇవ్వాలని ఉత్తర్వు. మంగాయమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, పడవ ఎక్కి, పొట్లం పుచ్చుకుని, దిగి, మళ్లీ ఎక్కింది.

నాలుగు రోజులకు నూకరత్నానికి నోటీసు వచ్చింది. పదిమందికీ కనిపించే చోట ఉంచవలసిన పురస్కారాన్ని షట్టరు ఎత్తడమనే ఉపయోగకరమైన పనికి వినియోగించినట్లు పినాకపాణి గారు ఫిర్యాదు చేశారట. పురస్కారాన్ని వెంటనే వాపసు చేసి, ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలెనట.

సత్తిరాజు కంగారుపడ్డాడు. "ఇచ్చెయ్యవే బాబూ, ఆళ్లతో మనకెందుకు?"

"ఇచ్చేస్తే వచ్చే ముసురుకి మంగాయమ్మ పిన్ని మనవరాలు మళ్లీ ఇటికల మీదే కదండీ," అంది నూకరత్నం. ఆవిడ కంప్యూటరు మీట నొక్కి, అన్నం వండి, కూర చేసి, వచ్చి, నిదానంగా జవాబు రాసింది. ఇన్నాళ్లు మండలి భాష చదివి చదివి అది ఆవిడకు వంటబట్టింది.

"అయ్యా, మండలి వారి రికార్డు ప్రకారం సదరు దినమున పల్లపుపేట షట్టరు ఎత్తబడలేదు. ఎత్తబడని షట్టరును ఎత్తుటకు పురస్కారమును వినియోగించుట సాధ్యము కాదు. ఎత్తబడినదని తమరు భావించినచో, ఆ దినమున పంపిన పడవ, పులిహోర పొట్లముల గురించి సంజాయిషీ ఇవ్వవలసినది ఎవరో తెలియజేయగలరు. పురస్కారము డైరెక్టరు గారి మౌఖిక ఆదేశానుసారము పదిమందికీ కనిపించు చోటనే, అనగా తూము మీదనే, ప్రదర్శింపబడుచున్నది."

డైరెక్టరు గారు ఆ జవాబును చాలాసేపు చదివారట. షట్టరు లేచిందంటే పడవ తప్పు. లేవలేదంటే నూకరత్నం ఒప్పు. ఆయన ఫైలు మీద 'పరిశీలించడమైనది, చర్య అవసరం లేదు' అని రాసి, కొత్తగా ఏదో శిక్షణకు కొండెక్కారు.

చక్రం తూము మీదే ఉంది. ఏడాదికోసారి పినాకపాణి గారు వచ్చి, పురస్కారం ప్రదర్శనలో ఉన్నదని చూసి, సంతకం పెట్టి పోతున్నారు. ఈమధ్య వచ్చినప్పుడు మిగతా ఆకులన్నిటి మీదా బంగారు పూత నిక్షేపంలా ఉండి, ఆ వంకర ఆకు మీద మాత్రమే ఎందుకు అరిగిపోయిందని దోనయ్యను అడిగారు.

"అందరూ దండం పెట్టి ముట్టుకుంటన్నారండి," అన్నాడు దోనయ్య. "డైరెక్టరు గారన్నట్టే స్ఫూర్తి కలుగుతా ఉందండి."

పినాకపాణి గారు ఆ మాట యథాతథంగా రాసుకున్నారు. వానాకాలం వచ్చేలోగా ఇంకొక పూత వెయ్యమని ఉత్తర్వు పంపారు.